చెంబుల రోజు

రాతిగుట్ట మీద ఒక ఊరుంది. ఆ ఊరికి ఒకటే దిగుడుబావి. ఆ బావి నీళ్ళు కాస్త ఉప్పగా ఉంటాయి.

ఐదేళ్ళకొకసారి ఆ ఊళ్ళో చెంబుల రోజు వస్తుంది. బావి గట్టు మీద రెండు గంగాళాలు పెడతారు. ఒకటి అప్పటి ఊరిపెద్దది, రెండోది ఆయన కుర్చీ మీద కన్నేసినవాడిది. ఇంటికో చెంబు చొప్పున జనం వచ్చి, తమకు నచ్చినవాడి గంగాళంలో నీళ్ళు పోసి వెళ్తారు. ఎవరి గంగాళం ముందు నిండితే వాడే ఊరిపెద్ద. దీనికి ఒకటే కట్టుబాటు. పోసే నీళ్ళు ఆ ఊరి బావివే అయి ఉండాలి. వేరేచోట నుంచి తెచ్చిన నీళ్ళతో ఊరిని ఏలేవాణ్ణి ఎన్నుకోకూడదు.

ఆ కట్టుబాటును కాచే మనిషి పేరు తాడవ్వ. ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది, కానీ ఊరు దాన్ని ఎప్పుడో మరిచిపోయింది. ఆవిడ చేతిలో ముడులు వేసిన ఒక పొడుగాటి తాడుంటుంది. ప్రతి ఉదయం దాన్ని బావిలోకి వదిలి, పైకి లాగి, తడిసిన ముడులు లెక్కపెట్టి, చివరి వీధి దాకా వినబడేలా కేక వేస్తుంది. డెబ్బై ఏళ్ళు దాటాయి, మోకాళ్ళు వాచిపోయాయి, కళ్ళు మసకబారాయి. గొంతు మాత్రం బండ మీద గునపం పడ్డట్టు ఖంగున మోగుతుంది. ఆ గొంతు విని పొయ్యి మీద ఎసరెంత పెట్టాలో ఇల్లాళ్ళు తేల్చుకునేవాళ్ళు.

చెంబుల రోజున ఆవిడ పని ఇంకోటి. మొదటి చెంబులోంచి ఒక గుక్క తాగి, "ఊరి నీళ్ళే" అని చెప్పాలి. ఆవిడ ఆ మాట అన్నాకే గంగాళాల్లో నీళ్ళు పడతాయి.

ఇప్పుడున్న ఊరిపెద్ద చెడ్డవాడేమీ కాదు. చెడ్డవాడైతే ఈ కథ ఇంకా తొందరగా అయిపోయేది. ఆయన మెత్తని మనిషి. ఎవరేం అడిగినా కాదనలేడు. పెళ్ళికి పది కడవలు కావాలంటే ఇస్తాను అంటాడు, గొర్రెలకు ఇరవై కావాలంటే సరేనంటాడు. బావిలో అన్ని నీళ్ళు లేవని ఎవరైనా గుర్తు చేస్తే, గుట్ట కింద ఏటి ఒడ్డున ఉన్న ఊరికి కబురు పెడతాడు. అక్కడి నుంచి ఎడ్లబండ్ల మీద పీపాల్లో నీళ్ళు వస్తాయి. అవి తియ్యటి నీళ్ళు. పది కడవలు తెచ్చుకుంటే ఏడాది తిరిగేసరికి పదకొండు ఇవ్వాలి. ఆ పదకొండు ఇవ్వడానికి మళ్ళీ బండ్లు రావాలి. కొన్నాళ్ళకు నీళ్ళు దించే బండ్లూ నీళ్ళు ఎక్కించుకుని పోయే బండ్లూ కొండదారి మలుపులో ఎదురుపడి, ఏది ముందు పోవాలో తేలక బండివాళ్ళు తిట్టుకోవడం మొదలైంది.

ఆ తెచ్చిన నీళ్ళతోనే ఊరిపెద్ద సున్నం కలిపించి బావికి నగిషీల గట్టు కట్టించాడు. ఊరి నడుమ నీళ్ళు ఎగజిమ్మే తామరపువ్వొకటి పెట్టించాడు. మిగిలిన నీళ్ళను ఉదయం కొలతకు ముందే బావిలో పోయించేవాడు. తాడుకు పదకొండు ముడులు తడిసేవి. ఊరు చల్లగా ఉందని అందరూ అనుకునేవాళ్ళు.

తాడవ్వ అనుకోలేదు. ఆవిడకు చిన్నప్పటి నుంచి ఒక అలవాటుంది. పైకి లాగిన తాడు కొసను నాలుకకు తాకించి చూస్తుంది. అది ఉప్పగా ఉంటే బావిలో ఊట ఉన్నట్టు. ఇప్పుడు కొస చప్పగా తగులుతోంది.

కిందటి చెంబుల రోజున ఆ సంగతి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆ ఏడు ఆవిడ మనవరాలు పచ్చి బాలింతరాలు. ఊరిపెద్ద అందరిళ్ళకూ రెండేసి కడవలు పంచుతూ, ఆవిడింటికి నాలుగు పంపించాడు. మరునాడు మొదటి చెంబు నోట పెట్టుకుంటే చక్కెర కలిపినట్టు తియ్యగా ఉంది. తాడవ్వ కళ్ళు మూసుకుని, "ఊరి నీళ్ళే" అనేసింది.

ఆ తీపి ఐదేళ్ళుగా ఆవిడ నోరు విడవలేదు. సిగ్గుతో చచ్చిపోయింది పాపం. మరుసటి ఉదయం నుంచే, పీపాలు పోయకముందొకసారి, పోశాక ఒకసారి తాడు వదిలి, కేక మార్చింది.

"పదకొండు ముడులు! మనవి ఆరు, తెచ్చినవి ఐదు!"

వీధుల్లో కిటికీలు తెరుచుకున్నాయి. పొద్దున్నే ఈ ముసల్దానికి ఏం పోయేకాలమని కొందరు విసుక్కున్నారు. ఊరిపెద్ద పిలిపించి, దగ్గర కూర్చోబెట్టుకుని, మెత్తగానే అడిగాడు.

"ఎన్ని ముడులో చెప్తే చాలు గదా అవ్వా. ఎవరివో ఎందుకు?"

"ఎవరివో చెప్పకుండా ఎన్నో చెప్పి ఏం లాభం నాయనా? ఆ బావిలో మూడు ఊటలుండాయి. రెండు పూడికతో మూసుకుపోయినాయి. మూడు దినాలు నీళ్ళు తోడకుండా బురద ఎత్తిపోయిస్తే మళ్ళీ ఊరతాయి."

"మూడు దినాలా? జనం నన్ను తీసుకుపోయి అదే బావిలో తోస్తారు!"

ఆయన నిజమే చెప్పాడు. అంతకుముందున్న పెద్ద కూడా ఆవిడతో అదే మాట అన్నాడు. ఆ పాత పెద్దే ఈసారి రెండో గంగాళం పెట్టబోతున్న మనిషి. ఈయన ఇంటింటికీ రెండు కడవలు పంచితే, తాను మూడు పంచుతానని వీధి వీధీ తిరిగి చెబుతున్నాడు.

తాడవ్వ మాత్రం ఒక్క ఉదయం కూడా మానలేదు. జ్వరంతో ఉన్నప్పుడు మనవరాలి భుజం పట్టుకుని వచ్చి మరీ కేక వేసింది. "మనవి నాలుగు!" "మనవి మూడు!" మొదట విసుక్కున్నవాళ్ళే మెల్లగా ఆ కేక కోసం చెవి ఒగ్గడం మొదలుపెట్టారు. ఆ తరువాత వాళ్ళకు కోపం వచ్చింది. తమ పిల్లలు దాహంతో ఉంటే నిండు పీపాల బండ్లు ఊరు దాటి పోవడం కళ్ళారా చూశారు. ఎండిపోయిన తామరపువ్వును చూసి కసిగా నవ్వుకున్నారు. ఒక పొద్దున తాడవ్వ, "మనది ఒకటే!" అంది. ఆ రోజు ఊళ్ళో చాలా ఇళ్ళలో అన్నం సరిగ్గా ఉడకలేదు.

చెంబుల రోజు వారంలో ఉందనగా బండ్లు ఆగిపోయాయి. చివరి పీపా దించిన బండివాడు బావి గట్టు మీద కూర్చుని చెమట తుడుచుకుంటూ అసలు సంగతి చెప్పాడు.

"ఇంక రామవ్వా. బావి రాసిస్తే వస్తామని మా వాళ్ళు అన్నారు."

"ఎవరు రాసిస్తారబ్బీ?"

"ఈయన గెలిస్తే ఈయన, ఆయన గెలిస్తే ఆయన. ఇద్దరూ ఒప్పుకున్నారంట. గెలిచిన పది దినాల్లో బావి మాదే." చెప్పాక, తానే తప్పు చేసినట్టు తల దించుకున్నాడు. "నేను బండి తోలేవాణ్ణే గదవ్వా."

తాడవ్వ బావిలోకి వంగింది. అరిగిన రాతి మెట్లను చూసింది. ఆ బావికి డెబ్బై రెండు మెట్లని ఆవిడ అత్త చెప్పేది. ఇప్పుడు నలభై కనబడుతున్నాయి. మిగతావి బురద కింద ఉన్నాయి. మనవరాలి కొడుకు పెద్దవాడయ్యేసరికి తన ఊరి నీళ్ళు అడిగి తాగాల్సి వస్తుందని అనుకుంది.

ఊరిపెద్ద మాట తప్పే మనిషి కాదు. బండ్లు రాకపోయినా ఇంటికి రెండు కడవలు పంచాల్సిందే అన్నాడు. చివరి బండ్లు పోసిన నీళ్ళతో సహా బావిలో ఉన్నదంతా తోడించి పంచాడు. చెంబుల రోజు తెల్లారేసరికి అడుగున బురద తప్ప ఏమీ లేదు.

జనం ఆ కడవల్లో ముంచిన చెంబులతో వచ్చారు. అందరి మొహాలూ మాడిపోయి ఉన్నాయి. కమ్మరి ఆగలేక గట్టిగానే అన్నాడు.

"అప్పుడు ఆయన్ని తిట్టి ఈయన్ని ఎక్కించినాం. ఇప్పుడు ఈయన్ని తిట్టి ఆయన్ని ఎక్కిస్తాం. బండ్లు మాత్రం అవే బండ్లు!"

కొందరు నవ్వారు, కొందరు కొట్టుకునేదాకా వెళ్ళారు. ఎవరికీ దారి తోచలేదు. ఎటైనా పోయాలి కాబట్టి పోసేసి పోదామన్నట్టు వరసలో నిలబడ్డారు.

మొదటి చెంబు కమ్మరి భార్యది. తాడవ్వ అందుకుని ఒక గుక్క తాగింది. నోట్లో పట్టుకుని ఉండిపోయింది. నీళ్ళు ఉమ్మే ఊరు కాదది. మింగి, చెంబు తిరిగి ఇచ్చేసింది.

"ఇవి ఊరి నీళ్ళు కావు."

రెండో చెంబు తాగింది. "కావు." మూడోది. "కావు."

రెండో గంగాళం ఆయన ముందుకొచ్చి, "ఐదేళ్ళ కిందట ఇవే నీళ్ళు తాగి అవునంటివి గదవ్వా!" అన్నాడు.

"అంటిని," అంది తాడవ్వ. "నాలుగు కడవలకు అమ్ముడుపోయి అబద్ధం చెప్తిని. నా మనవరాలికి తాపిస్తిని. ఆ పాపం నాది. ఈసారి చెప్పను. ఈరోజు ఇందులో ఒక్క చెంబు పడినా, ఎవరు గెలిచినా, పది దినాల్లో బావి మనది కాదు. వాళ్ళిద్దర్నీ అడగండి."

జనం ఇద్దరి వైపూ చూశారు. ఇద్దరూ గంగాళాల వైపు చూశారు. ఇంకెవరూ అడగాల్సిన పని లేకపోయింది.

"అయితే ఊరి నీళ్ళు యాడుండాయి?" కమ్మరి అడిగాడు.

తాడవ్వ తన చెంబు తీసుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది. వాచిన మోకాళ్ళతో, గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగింది. నలభై మెట్లు. గట్టు చుట్టూ వంగి ఊరంతా చూసింది. ఆవిడ అడుగున చెంబు ముంచి, నిండా బురదతో మళ్ళీ అంత కష్టపడీ ఎక్కి వచ్చింది. ఆ బురదను గట్టు అవతల బోర్లించింది.

"నా చెంబు ఇదీ. నీళ్ళొచ్చినాక ఎవరికి పొయ్యాలో అప్పుడు ఆలోచిస్తా," అని మళ్ళీ దిగబోయింది.

ఆవిడ రెండో మెట్టు మీదుండగానే కమ్మరి ఆవిడ చేతిలోంచి చెంబు లాక్కున్నాడు. "నువ్వు కూర్చో అవ్వా," అన్నాడు. అతని వెనక అతని భార్య దిగింది. ఆవిడ వెనక వరస మొత్తం దిగింది. ఇంటికో చెంబు బురద. చెంబులు చాలవని ఎవరో తట్టలు తెచ్చారు. తట్టలూ చాలవని ఇద్దరు మనుషులు ఏమాత్రం మొహమాటం లేకుండా ఆ రెండు గంగాళాలనూ ఎత్తుకుపోయారు.

తాగడానికి ఏం చేశారని అడుగుతారేమో. ఊరిపెద్ద పంచిన రెండు కడవలు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి కదా. మూడు రోజులకు అవే సరిపోయాయి. ఆయన పుణ్యం అంతమాత్రం ఉందని ఒప్పుకోవాలి.

రెండో రోజు మధ్యాహ్నం ఊరిపెద్ద తెల్లచొక్కా విప్పి గట్టు మీద పెట్టి, తట్ట పట్టుకుని వరసలో నిలబడ్డాడు. ఎవరూ ఆయన్ని పొగడలేదు, తిట్టనూ లేదు. ముందున్నవాడు ఇచ్చిన తట్ట అందుకుని వెనకవాడికి ఇచ్చాడు. రెండో గంగాళం ఆయన ఇంకో గంట ఆలోచించి వచ్చాడు.

ఆ జనాన్ని చూసి తీరాలి. అరచేతులు బొబ్బలెక్కాయి, నడుములు పడిపోయాయి, అయినా ఒక్కరు కూడా ఇంటికి పోతామనలేదు. గుట్ట మీద పుట్టిన మనుషులకు ఇంత ఓపిక ఉందని వాళ్ళకే తెలియదు. తాడవ్వ గట్టు మీద కూర్చుని, బయటపడిన మెట్లను ఒక్కొక్కటిగా కేక వేసి లెక్కపెట్టింది. నలభై ఐదు. అరవై. మూడో రోజు పొద్దు వాలేవేళకు డెబ్బై రెండు.

నాలుగో రోజు ఉదయం ఊరంతా బావి చుట్టూ చేరింది. గంగాళాలు బురద మోసి సొట్టలుపడి ఒక మూల పడి ఉన్నాయి. వాటిని తోమి మళ్ళీ గట్టు మీద పెట్టాలని ఎవరికీ తోచలేదు.

తాడవ్వ తాడు వదిలింది. ఎన్నడూ లేనంత లోతుకు వదిలింది. మెల్లగా పైకి లాగి వేళ్ళతో తడిమింది.

"ఒక ముడి!"

పదకొండు ముడులు విన్నప్పుడు కూడా రాని ప్రశ్న ఆ రోజు వచ్చింది. ముందు కమ్మరి భార్య అడిగింది. తరువాత ఊరంతా ఒక్క గొంతుతో అడిగింది.

"ఎవరిదవ్వా?"

తాడవ్వ తాడు కొసను నాలుకకు తాకించింది. ఆవిడ మొహం ముడతలన్నీ ఒక్కసారి విచ్చుకున్నాయి.

"ఉప్పగా ఉండాది," అంది.