ఎర్రకొండ మీద ఒంటి పొగ

కొండలకీ సముద్రానికీ నడుమ ఏరొక్కటే దారిగా ఉన్న రోజుల్లో, అనగనగా ఆ ఏటి మధ్యలో ఒక లంక. లంక నిండా అరటితోటలు, పాడి ఆవులు, వాటిని నమ్ముకున్న జనం.

ఆ జనానికి ఒక్కటే భయం. వాన ఎక్కడో కొండల అవతల కురుస్తుంది. లంక మీద ఎండ కాస్తూనే ఉంటుంది, పిల్లలు ఇసుకలో ఆడుకుంటూనే ఉంటారు. ఇంతలో ఏరు ఎర్రగా పొంగి మీద పడుతుంది.

అందుకని ఆ దేశపు రాజు ఏటి వెంట మూడు కొండల మీద ముగ్గురు కావలివాళ్లను పెట్టి, వాళ్ల చేతులకి రాగి కడియాలు తొడిగాడు. అన్నిటికన్నా దూరపు ఎర్రకొండ మీద బొల్లన. నడికొండ మీద సూరమ్మ. లంక దగ్గరి గుట్ట మీద దామన. వరద కనబడితే ఎర్రకొండ మీద రెండు పొగలు పక్కపక్కన లేవాలి. అది చూసి నడికొండ, నడికొండను చూసి గుట్ట. జంట పొగ లేచిందంటే చాలు, లంక జనం పశువుల్ని తోలుకుని మెరక ఎక్కేస్తారు.

ఆ పొగకి కావలసిన ఎండుకట్టెను వేసవిలోనే కొట్టి పాకలో దాచుకోవాలి. వానలు మొదలయ్యాక కొండ మీద పొడి పుల్ల దొరకదు.

ఈ ముగ్గురి మీదా ఒక పెద్ద ఉండేది. ఆమెను పొగపెద్ద అనేవారు. ముప్పమ అనే ముసలావిడ చాలాకాలం ఆ పని చేసింది. కాళ్లు పట్టేశాక ఆమె కొండలెక్కడం మానేసింది కానీ, ఉప్పు గాడిదలను కొండలకి తోలుకెళ్లే గవరయ్య చేత ప్రతిసారీ ఒకే మాట పంపేది.

"పుల్లలు సరిపోతున్నాయా, ఒంట్లో బాగుంటోందా అని అడిగానని చెప్పు."

అంతే. ఇంకేమీ అడిగేది కాదు.

ముప్పమ కన్నుమూశాక ఆమె మేనకోడలు మైలమ పొగపెద్ద అయింది.

మైలమ చెడ్డది కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. లంకలో ప్రతి ఆవునీ పేరు పెట్టి పిలిచేది. ఇన్ని ప్రాణాలు తన చేతిలో ఉన్నాయన్న తలపుకే ఆమెకి అన్నం సయించేది కాదు. మెరక మీద మంచె ఎక్కి కొండల వంక చూసేది. కొండలు నీలంగా, నోరు మెదపకుండా నిలబడి ఉండేవి.

"వాళ్లు మేలుకునే ఉన్నారా? నాకెలా తెలుస్తుంది?" అనుకునేది.

ఆ భయమే మెల్లమెల్లగా అనుమానమైంది.

వానాకాలం మొదట్లో ఆమె గవరయ్య చేత కబురు పెట్టింది. "రోజూ పొద్దున్నే ఒక్కొక్క పొగ వేయండి. మీరు మేలుకునే ఉన్నారని నాకు తెలియాలి."

మర్నాడు మూడు కొండల మీదా మూడు పొగలు లేచాయి. మైలమ కడుపునిండా తిన్నది. అదీ కొన్నాళ్లే. "పొద్దున పొగ వేసి మధ్యాహ్నం కునుకు తీస్తే?" అన్న ఆలోచన వచ్చింది. మధ్యాహ్నం కూడా వేయమంది.

గవరయ్య కొండల నుంచి తిరిగొచ్చి తల గోక్కున్నాడు. "అమ్మా, బొల్లన ఒక మాట చెప్పమన్నాడు. కట్టె తరిగిపోతోందంట. జంట పొగకి దాచిందాంట్లోంచే తీసి కాలుస్తున్నాడంట."

మైలమ నవ్వింది. "పని ఎగ్గొట్టాలనుకునేవాడికే గవరయ్యా, కట్టె బరువనిపించేది. ఆ మాట అన్నానని చెప్పు."

గవరయ్య చెప్పాడు. బొల్లన ఆ తర్వాత మళ్లీ కట్టె మాట ఎత్తలేదు.

మూడోసారి, సాయంత్రం కూడా పొగ వేయమని కబురు వెళ్లింది. సెలవు లేకుండా కొండ దిగినవాళ్ల కడియం ఊడదీస్తానని కూడా చెప్పి పంపింది. ఈసారి సూరమ్మ దగ్గర్నుంచి జవాబొచ్చింది.

"తల్లీ, నన్ను ఏరు చూడమన్నావా, పొయ్యి ఊదమన్నావా?"

మైలమకి ఒళ్లు మండింది. "దామనను చూసి నేర్చుకోమను!" అంది.

నిజమే, దామన పొగ ఏనాడూ వేళ తప్పలేదు. నల్లగా, దట్టంగా, చూడముచ్చటగా లేచేది. మైలమ మెచ్చి అతనికి పట్టు తలపాగా పంపింది. దామన వేళకి పొగ వేసి, ఆ తలపాగాని చుట్ట చుట్టి తలకింద పెట్టుకుని, మళ్లీ వేళదాకా గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. ఏటి వంక చూడమని అతన్ని ఇప్పుడెవరూ అడగడం లేదు మరి.

ఒకనాడు లంక మీద ఎండ బాగా కాస్తోంది. మధ్యాహ్నపు పొగలు లేచి ఆరిపోయాయి. మైలమ మంచె మీద తాంబూలం చుట్టుకుంటోంది.

ఎర్రకొండ మీద ఒక పొగ లేచింది.

ఒకటే. సన్నగా, వేళ కాని వేళ.

"అదిగో, బొల్లన ఇప్పుడు నిద్ర లేచాడు," అంది మైలమ. కింద ఉన్నవాళ్లు నవ్వారు.

కాసేపటికి నడికొండ మీద కూడా ఒక పొగ లేచింది.

"ఈవిడకీ వేళ తెలియకుండా పోయిందా!" మళ్లీ నవ్వారు.

గుట్ట మీద ఏమీ లేవలేదు. దామన నిద్రలో ఉన్నాడు.

మరి కొంతసేపటికి గుట్ట వైపు నుంచి గణగణా చప్పుడు. సూరమ్మ ఇత్తడి పళ్లేన్ని గరిటెతో బాదుకుంటూ, జుట్టు విరబోసుకుని పరుగెత్తుకొస్తోంది. రేవు దగ్గర పడవెక్కి లంకకి చేరింది. మైలమ మంచె దిగి ఎదురెళ్లింది.

"ఎవరి సెలవుతో దిగావు సూరమ్మా?"

"సెలవు తర్వాత అడుగుదువుగాని తల్లీ, ముందు పశువుల పలుపులు విప్పించు! ఏరు వస్తోంది!"

"నువ్వు చూశావా?"

"నేను చూళ్లేదు. బొల్లన చూశాడు."

"ఒంటి పొగే కదా లేచింది. చూడకుండా ఎలా నమ్మావు?"

సూరమ్మ ఆమె మొహంలోకి వింతగా చూసింది. "వేళ కాని వేళ ఊరికే నిప్పు ముట్టించే మనిషి కాడమ్మా బొల్లన. ఒకటే వేశాడంటే రెండోదానికి కట్టె లేదు. నా పాకలోనూ లేదు. ఉంటే ఇలా పరుగెత్తుకుంటూ ఎందుకొస్తాను?"

మైలమ తల తిప్పి ఎర్రకొండ వంక చూసింది. రెండో పొగ కోసం చూసింది. అలా చూస్తూ నిలబడిపోయింది. ఎంతసేపు? తాంబూలం నమిలేంతసేపు. అప్పటికి ఎర్రకొండ మీద ఇంకో పొగ లేచింది. పచ్చగా, తడితడిగా, పాక్కుంటూ లేచింది.

"విప్పండి!" అని ఆమె పెట్టిన కేక లంకంతా వినబడింది.

మనుషులందరూ మెరకెక్కారు. పిల్లలు ఎక్కారు. పశువుల్లో సగమే ఎక్కాయి. మిగతావాటిని ఏరు తీసుకుపోయింది. అవి అరుస్తూ కొట్టుకుపోతుంటే మైలమ మెరక మీద నిలబడి, కనబడినదాన్నల్లా పేరు పెట్టి పిలిచింది. ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆ తాంబూలమంత సేపు దక్కి ఉంటే అవన్నీ బతికేవి.

నీళ్లు తీశాక ఆమె ఎర్రకొండ ఎక్కింది. పొగపెద్ద అయ్యాక ఆమె ఆ కొండ ఎక్కడం అదే మొదలు.

పైన కట్టెల పాక ఖాళీగా ఉంది. చెక్కపేళ్లు కూడా లేకుండా ఊడ్చినట్టుంది. పక్కనే ఇల్లు. ఇంటికి కప్పు లేదు. మంచం కోళ్లు లేవు. వాకిట్లో బూడిదలో సగం కాలిన ఉయ్యాల కర్ర ఒకటి పడి ఉంది. బొల్లన భార్య గోడ మూల గోనెపట్టా కప్పుకుని పసిపిల్లకి పాలిస్తోంది.

బొల్లన లేచి చేతులు కట్టుకున్నాడు. "రెండో పొగకి కట్టె లేకపోయిందమ్మా. ఇంటికప్పు పీకాను. తాటాకు తడిసిపోయి ఉంది, తొందరగా అంటుకోలేదు. ఆలస్యమైంది. తప్పయిపోయింది, మన్నించండి."

తిట్టి ఉంటే మైలమ భరించేది. అతను మన్నించమన్నాడు. ఆమె కూలబడి ఏడ్చింది.

"ఇల్లు కట్టిస్తాను బొల్లనా. ఇక రోజూ పొగలు వద్దు. నువ్వు ఇక్కడే ఉండు."

బొల్లన కడియం తీసి ఆమె పక్కన పెట్టాడు. "కోపం లేదమ్మా. కానీ ఇక నావల్ల కాదు. వరద కనబడగానే నిప్పు తీయబోయి, ఒక్క క్షణం ఆగాను. ఇది వేళ కాదు కదా, అమ్మ ఏమంటుందో అనుకున్నాను. ఏటిని చూడాల్సిన కన్ను మీ వంక చూసింది. అలాంటి కన్ను కావలికి పనికిరాదు."

అతను బిడ్డను భుజాన వేసుకుని, భార్యతో కలిసి కొండకి అవతలి వైపు దిగిపోయాడు. మైలమ పిలిచింది. అతను వెనక్కి తిరిగి దణ్ణం పెట్టాడు. అంతే, ఆగలేదు.

రాజు ముందు మైలమ ఏదీ దాచలేదు. గవరయ్య తెచ్చిన మాటలూ చెప్పింది, తను అన్న మాటలూ చెప్పింది. రాజు దామన కడియం ఊడదీయించి, సూరమ్మను పొగపెద్దను చేశాడు.

"నీకేం కావాలి?" అని మైలమను అడిగాడు.

"ఎర్రకొండ," అంది మైలమ.

మళ్లీ వేసవి వచ్చింది. మైలమ అరచేతులు బొబ్బలెక్కేలా కట్టె కొట్టి పాక నింపింది. వానలు మొదలయ్యాయి. ఆమె పగలంతా ఏటిని చూస్తూ కూర్చునేది. ఎవరూ పొగ వేయమనలేదు. తను మేలుకుని ఉందో లేదో ఎవరూ అడగలేదు.

ఒకనాడు ఉప్పు గాడిదలు కొండెక్కి వచ్చాయి. గవరయ్య మూట దించి, చెమట తుడుచుకున్నాడు.

"సూరమ్మ ఒక మాట అడగమంది, మైలమ్మా."

మైలమ చప్పున లేచి నిలబడింది. "ఏమిటంట?"

"పుల్లలు సరిపోతున్నాయా, ఒంట్లో బాగుంటోందా అని."

మైలమ సరిపోతున్నాయని తల ఊపి, బొల్లన దిగిపోయిన అవతలి దారి వంక చాలాసేపు చూసింది.

దూరాన ఉన్నవాళ్లను నమ్మి వాళ్ల కష్టం కనుక్కునేవాళ్లే పెద్దలు. పూటపూటా రుజువు అడిగేవాళ్లు, ఆపదనాటికి దాచుకున్న బలాన్ని ముందే తగలబెడతారు.