తేనె కోసం నీళ్లొదిలిన ఎలుగులు

సముద్రం దాటొచ్చిన ఎలుగుబంట్లు ఇసుక దేశంలో నీళ్లున్న రెండు చోట్లనూ పట్టేశాయి. సైన్యమంతా కొండ ఊట దగ్గర నీడలో మకాం. దూరంగా ఉన్న చెరువు దగ్గర మాత్రం వాళ్ల తేనె గుహ, దానికి నలుగురు కాపలా. నడుమంతా బోడి రాళ్లు. ఈ ఎండాకాలం నీళ్లు దక్కకపోతే ఇసుక జంతువుల పిల్లలు బతకవు.

"హుజూర్, ఊట మీద పడదాం!" అని గంతులేసింది నక్క ముక్తార్.

"పడితే వాళ్లు నీళ్లు తాగుతూ కొడతారు, మనం నాలుక ఎండి చస్తాం," అన్నాడు చిరుత సుల్తాన్ ముబారిజ్. "వాళ్లనే ఎండలోకి లాగాలి."

"వాళ్లెందుకొస్తారు నాయనా?" అంది ముసలి ఒంటె సఫియా బీబీ.

"తేనె జోలికెళితే రారూ?"

చిరుత దండు గుహను చుట్టుముట్టింది. కావాలనే ఒక కాపలా ఎలుగును తప్పించుకుపోనిచ్చింది. అది ఊట దగ్గరికెళ్లి లబోదిబోమంది.

"దొరా, మిట్టమధ్యాహ్నం. దారిలో చుక్క నీళ్లుండవు. తేనె పోతే పోనీ," అన్నాడు ముసలి మంత్రి.

ఎలుగు రాజు గయ్యిమన్నాడు. "పిరికి మాటలు! తోటివాడు కేకేస్తే ఆ క్షణమే కదలాలి, అదీ మన ఆచారం!"

ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అన్నారా! అంత బొచ్చేసుకుని, గొంగళి కప్పుకుని పొయ్యి ముందు కూర్చున్నట్టు, ఆ రాళ్ల మీద నడిచారు మహానుభావులు. ముబారిజ్ ఎదురు నిలిచి పోరాడలేదు. పక్కల నుంచి గిల్లి పారిపోయేవాడు. వెనక ఒంటెలు చెరువులో నింపిన నీళ్ల తిత్తులు మోస్తుంటే అతని దండు తీరిగ్గా తాగింది. చెరువు కంటికి కనబడేసరికి ఎలుగులు కూలబడ్డారు. వాళ్లకీ నీళ్లకీ మధ్య చిరుత దండు నిలబడి ఉంది.

"చంపెయ్," అన్నాడు ఎలుగు రాజు, నాలుక బయటపెట్టి.

నక్క పళ్లు నూరింది. సుల్తాన్ మాత్రం తిత్తి అందుకుని రాజు నోటికి తన చేత్తోనే పట్టాడు.

"అయ్యో హుజూర్! మన చేత్తో నీళ్లు తాగినవాణ్ణి ఇక చంపకూడదే!"

"అందుకే తాగించాను ముక్తార్. చంపితే వీళ్ల తమ్ముళ్లొస్తారు. బతికిపోతే వీళ్లే వెళ్లి, ఇటు రావద్దని చెబుతారు." రాజు వైపు తిరిగాడు. "ఓడలెక్కుతావా?"

"ఎక్కుతాం బాబూ, ఇంకొంచెం పొయ్యి!"

హమ్మయ్య! ఆ సాయంత్రం సఫియా బీబీ మనవడు చెరువులో మెడదాకా దిగి తాగుతుంటే, ముసలిదానికి కళ్లనీళ్లు ఆగలేదు.

ఓడలో మంత్రి మెల్లగా అడిగాడు, "దొరా, మరి తేనె?"

"నోర్ముయ్," అన్నాడు రాజు.

నీతి: బలవంతుణ్ణి గెలవాలంటే, ముందు వాణ్ణి నీడలోంచి లేపాలి.