శుభాకాంక్షలతో, మీ భానోజీ

అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పే అలవాటు గౌరీపతి మాస్టారికి లేదు. "తెలిస్తే చెప్పనా?" అని ముందు తనే నవ్వేసేవాడు. బొబ్బిలి బస్టాండు వెనక చిన్న గదిలో, తప్పులు చేసి చేసి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్న మనిషాయన. శిష్యుడు భానోజీ మాత్రం తప్పులు చెయ్యకుండానే నేర్చేసుకున్నాననుకునేవాడు.

ఒక నర్సింగు కాలేజీ ప్రవేశపరీక్షకు అభ్యర్థులు హాల్‌టికెట్లు డౌన్‌లోడ్ చేసుకునే స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, భానోజీయే రాశాడు. పరీక్షనాటి మధ్యాహ్నం, కాలేజీవాళ్లు ఫోనులో తిట్టిన తిట్లు చెవిలో మోగుతుండగానే, మాస్టారిని నిలదీశాడు.

"ఫైలు సైజు ఎంతో సర్వరుకి ముందే చెప్పాను. సర్వరు అంతా పంపినట్టే రాసుకుంది. నా కంప్యూటర్లో తెరుచుకుంది కూడా. సరిగ్గా పంపడమంటే ఇంకేంటి మాస్టారూ?"

"నన్నడుగుతావేంట్రా? అదిగో, ఆవిణ్ణడుగు."

కాలేజీలో ఈ గది చిరునామా కనుక్కుని వచ్చి, గుమ్మంలో పైడితల్లి నిలబడి ఉంది. ఫోనులో హాల్‌టికెట్టు తెరుచుకోక, పొద్దున్న పరీక్ష గేటు దగ్గరే ఆగిపోయిన పిల్ల.

"మేం పూర్తిగానే పంపామమ్మా," అన్నాడు భానోజీ.

"మరి గేటుకాడ నన్నెందుకు రానివ్వలేదు బాబూ? వచ్చే ఏడుకి నాకు వయసు దాటిపోద్ది."

మాస్టారు ఆమె ఫోనులోని ఫైలును కంప్యూటర్లోకి ఎక్కించి, ఉత్త అక్షరాలుగా తెరిచాడు. తెరనిండా పిచ్చిగీతలు. అన్నిటికీ పైన ఒక్క వరుస మాత్రం శుభ్రమైన తెలుగు. పైడితల్లే పైకి చదివింది.

"విజయీభవ! హృదయపూర్వక శుభాకాంక్షలతో, మీ భానోజీ."

ముచ్చటపడి స్క్రిప్టు మొదట్లో పెట్టుకున్న వాక్యం. డౌన్‌లోడ్ పేజీలో కనబడుతుందనుకున్నాడు. అది ఫైలులోకి దూరి ముందు కూర్చుంది. చెప్పిన సైజు నిండగానే సర్వరు చేతులు దులుపుకుంది. ముందు ఆ వాక్యం ఎంత చోటు తిందో, చివర టికెట్టు అంత తెగిపోయింది. తెగినదాన్ని భానోజీ కంప్యూటరు అతుకేసుకుని చూపించింది. ఆ పిల్ల పాత ఫోనుకు అంత మర్యాద తెలియదు.

"భానోజీ అంటే మీరేనా బాబూ?"

అతను తలూపాడు.

"సంతోషం," అంది పైడితల్లి. ఫోను తీసుకుని, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది.

భానోజీ గబగబా కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. "ఒక్క వరుసే కదా మాస్టారూ, ఇప్పుడే తీసేస్తాను."

"తియ్యి," అన్నాడు మాస్టారు. "నీది చేరిందిరా. ఆ పిల్లదే ఇక్కడుండిపోయింది."