కడుపు గుమ్మం

అన్నవాహిక తీసేసే ఆపరేషన్‌లో ప్రద్యుమ్న చెయ్యి తిరిగినవాడే. క్యాన్సర్ పట్టిన గొట్టాన్ని తీసేసి, కడుపునే సన్నగా మలిచి, రొమ్ములోంచి మెడదాకా లాగి అతికించేవాడు. అతని కుట్టులోంచి చుక్క కారదని పేరు. అలాంటివాడు ఆ రోజు ఆఖరి పని దగ్గర ఆగిపోయాడు.

ఆ ఆపరేషన్‌లో కడుపుకు కబురు మోసే పెద్ద నరాలు కూడా తెగిపోతాయి. ఆ తర్వాత కడుపు చివర, పేగు మొదట్లో ఉండే కండరపు గుమ్మం ఒక్కోసారి బిగుసుకుపోయి తెరుచుకోదు. కిందటి నెల ఒక రోగి విషయంలో ప్రద్యుమ్న దాని జోలికి పోలేదు. తాగిందంతా పైనే నిలిచి, ఊపిరితిత్తుల్లోకి పోయి ఆయన చనిపోయాడు. అలాగని వెడల్పుగా కోసేస్తే పేగులోని పసరు పైకి తన్ని బతికినన్నాళ్ళూ బాధ. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇప్పుడు బల్ల మీద ఉన్నది వీరాస్వామి, పెళ్ళిళ్ళ వంటమేస్త్రి. ఊరందరికీ వండిపెట్టిన మనిషికి నెలల తరబడి గంజి దిగడమే గగనమైంది. మత్తు ఇవ్వబోతుంటే, "మళ్ళీ పప్పన్నం తింటానా బాబూ?" అని అడిగాడు.

ప్రద్యుమ్న కత్తి అందుకున్నాడు. "వెడల్పుగానే కోసేస్తానమ్మా."

ఎదురుగా నిలబడ్డ రాహేలమ్మగారు అతనికి పని నేర్పిన డాక్టరమ్మ. ఆవిడకు తిట్టడం చేతకాదు. శిష్యులకు అదే పెద్ద బెంగ.

"ఈ కోత ఎవరికోసం నాయనా? ఈయనకా, పోయినాయనకా?"

ప్రద్యుమ్న కత్తిని పళ్ళెంలో పెట్టేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతులకు తొడుగులున్నాయి, తుడుచుకునే వీల్లేదు. పక్కనున్న నర్సమ్మ గుడ్డ తీసి తుడిచింది.

రాహేలమ్మగారు అతని బొటనవేలూ చూపుడువేలూ పట్టుకుని ఆ గుమ్మానికి చెరో పక్కా ఉంచారు. పచ్చి ఉసిరికాయలా గట్టిగా తగిలింది.

"కత్తి వద్దు, నొక్కు. తొందరపడకు."

నొక్కాడు. ఎక్కడా చిరుగు పడలేదు. లోపలి కండరపు పోగులు మాత్రం వేళ్ళ మధ్య ఒక్కొక్కటే సడలాయి. ఇంకాస్త నొక్కుదామని అతనికి మనసు పీకుతూనే ఉంది.

"చాలు," అన్నారావిడ.

వారం తర్వాత వీరాస్వామిని ఎక్స్‌రే తెర దగ్గర నిలబెట్టి తెల్లటి మందు తాగించారు. మందు మెడ దిగింది, రొమ్ము దిగింది, గుమ్మం దగ్గర ఆగిపోయింది. ప్రద్యుమ్న తెర మీదకి వంగాడు. పోయినాయన ముఖం కళ్ళముందు మెదిలింది.

అప్పుడు తెర మీద, పైనుంచి ఒక అల బయల్దేరింది. తను కోసి, కుట్టి, చోటు మార్చేసిన ఆ కడుపు వెంట మెల్లగా జారుతూ వచ్చి గుమ్మాన్ని తాకింది. సన్నటి తెల్లటి ధార పేగులోకి దిగింది.

"దిగిందా బాబూ?" వీరాస్వామి మిషను వెనకనుంచి కేకేశాడు.

ప్రద్యుమ్న ఆ ధారనే చూస్తూ ఉండిపోయాడు. "దిగిందయ్యా, కదలకు," అని రాహేలమ్మగారే బదులు చెప్పారు.

ప్రద్యుమ్న ఆవిడ వైపు తిరిగాడు. "నరాలు నేనే కోశానమ్మా. మరి ఈ కడుపు ఎవరు చెబితే కదిలింది?"

ఆవిడ తెర మీంచి చూపు తిప్పలేదు.

"ఇన్నేళ్ళుగా నేనూ అదే అడుగుతున్నాను నాయనా."