తాంబూలంలో నోటు

పన్ను కాగితాలు చేత్తో నింపే రోజులవి. నాదస్వరం సిలార్‌కి ఆ ఏడు రెండు పెద్ద సభల్లో కచేరీలు దొరికాయి. సభలవాళ్లు పన్ను కోసుకుని చెక్కులిచ్చారు. ఆ కోసుకున్నది వెనక్కి రావాలంటే ఫారం నింపి ఆఫీసులో ఇవ్వాలట. వాళ్ల వంశంలో ఇన్‌కంటాక్సు ఫారం ముట్టుకున్న మొదటి మనిషి తనేనని సిలార్ అద్దంకి బజారులో చెప్పని కొట్టు లేదు.

మూడు రోజులు దాంతో కుస్తీ పట్టాడు. పెళ్లిళ్ల డబ్బు దగ్గర మాత్రం కలం ఆగింది. సన్నాయి వాయించినవాళ్లకి పెళ్లివారు డబ్బు తాంబూలంలో పెట్టి ఇస్తారు. పుచ్చుకున్నవాడు అక్కడ లెక్కపెట్టడు, కళ్లకద్దుకుని జేబులో వేసుకుంటాడు. కళ్లకద్దుకున్నది సంపాదన ఎలా అవుతుంది? అదంతా కలిపి 'కానుకలు' అన్నచోట రాసేశాడు. కానుకలకి పన్ను లేదు. కోసుకున్నదంతా వెనక్కొస్తుంది, కొత్త నాదస్వరం కొనుక్కోవచ్చు. తన తెలివికి తనకే ముచ్చటేసింది.

ఆ ముచ్చటతోనే ఫారం తీసుకెళ్లి గురువు మస్తాన్ సాహెబ్ చేతిలో పెట్టాడు. పెద్దాయన అరుగు మీద కూర్చుని సన్నాయి కొనకు తొడిగి ఊదే పీకలు ఆరబెట్టుకుంటున్నాడు. కళ్లజోడు తగిలించుకుని కాగితమంతా చదివాడు. లోపలికి వెళ్లి పళ్లెంలో రెండు తమలపాకులు, వక్క, వందనోటు పెట్టి తెచ్చాడు.

"తీసుకోరా."

సిలార్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఎందుకు గురువుగారూ? నేనేం వాయించలేదుగా."

మస్తాన్ సాహెబ్ పళ్లెం పక్కన పెట్టాడు. ఫారం ముందుకు జరిపి, 'కానుకలు' అన్న గడి మీద ఒక్కసారి వేలు ఆనించి, మళ్లీ పీకల పనిలో పడ్డాడు.

సిలార్ ముఖం మాడిపోయింది. కిందటేడు వైశాఖంలో మండుటెండన పెళ్లి ఊరేగింపు ముందు నడుస్తూ వాయించాడు. పెదవి చిట్లి నెత్తురొచ్చినా పాట ఆపలేదు. ఆ పూట సంపాదనని ఎవరో దయతలచి ఇచ్చినట్టు తన చేత్తోనే రాసుకున్నాడు. ఎంత సిగ్గుచేటు.

మర్నాడు కొత్త ఫారం తెచ్చి, ఆ మొత్తాన్ని నాదస్వరం మీది ఆదాయంగా రాశాడు. వెనక్కి రావాల్సింది రాకపోగా, ఎదురు కట్టాల్సి వచ్చింది. కొత్త వాయిద్యం మాట ఆ ఏటికి మరిచిపోవాల్సిందే. బ్యాంకు కిటికీలో గుమాస్తా చలానా అటూ ఇటూ తిప్పి, ఏం చేస్తుంటావని అడిగాడు.

"నాదస్వరం వాయిస్తాను. ఈ పన్ను దాని మీదే" అన్నాడు సిలార్, వరసలో ఉన్న చివరి మనిషికి కూడా వినపడేలా.

రసీదు పట్టుకుని నేరుగా గురువుగారింటికి వచ్చాడు. రొమ్ము రెండంగుళాలు ముందుకొచ్చి ఉంది. మస్తాన్ సాహెబ్ రసీదుని రెండుసార్లు చదివాడు. లేచి లోపలికి వెళ్లి అదే పళ్లెం తెచ్చాడు. ఆకులు కొత్తవి, నోటు పాతదే.

"ఇప్పుడు తీసుకో. ఇది కానుక."

సిలార్ రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు.