రెండో ప్రాణం లేని కుండ

ఒక దిబ్బ ఉండేది. దాని కడుపులో ఒక పాత ఊరు ఉండేది.

అలాంటిలాంటి దిబ్బ కాదు. దాని మీదకెక్కి తుమ్మితే ఏడు జిల్లాల వాళ్ళు ఒక్క గొంతుతో "చిరంజీవ" అనేవారు.

దాన్ని తవ్వే మనిషి ఒకామె. చేతిలో బెత్తెడు కుంచె. ఒక్క కుండ మీది మన్ను దులపడానికి ఆరు నెలలు తీసుకునేది. ఆమె ఓర్పు చూసి భూదేవే "ఇక చాల్లేవే తల్లీ" అందట.

ఒకనాడు రోడ్లు వేయించే పెద్దాయన వచ్చాడు. ఆయన కాలు మోపిన చోటల్లా నేల చదునైపోయేది.

"అమావాస్యనాటికి దిబ్బ ఉండకూడదు. రోడ్డు పడుతుంది."

"కింద ఊరుందండీ."

"ఎవరు చూశారు? చూశామనేవాళ్ళను పదిమందిని తీసుకురా, ఆపేస్తా."

ఆమె వీధివీధీ తిరిగింది. పాత కుండపెంకులెవరికి కావాలి? అందరూ సెల్‌ఫోనుల్లో తలలు దూర్చి ఆటలాడుతున్నారు. సరే, మీరు దిబ్బ దగ్గరకు రాకపోతే దిబ్బే మీ దగ్గరకొస్తుంది అనుకుని, దాన్ని పొరపొరా ఒలిచి ఒక ఆటగా ఫోనులోకి ఎక్కించింది. పొయ్యి ఉన్నచోట పొయ్యి, పగిలిన గాజు ఉన్నచోట గాజు.

మొదటి రోజే పెద్దాయన బుల్‌డోజరు నడిపేవాడు పోట్లాటకొచ్చాడు.

"ఇదేం ఆటమ్మా! గునపంతో ఒక్కటిస్తే కుండ పగిలింది. మళ్ళీ మొదలుపెట్టే మీటేది?"

"లేదు నాయనా."

"ఏ ఆటలోనైనా మూడు ప్రాణాలిస్తారు కదా!"

"నీకు ముప్పై ఇస్తా. కుండకి ఒక్కటే."

తిట్టుకుంటూనే గునపం వదిలి కుంచె పట్టాడు. వాడేమిటి, లోకమే పట్టింది. పెళ్ళికొడుకులు తాళి పక్కనపెట్టి మన్ను దులిపారు. దొంగలు గోడకు కన్నం వేయబోయి, లోపలి పొరలు చూసి ఆగిపోయారు.

అమావాస్య ఉదయం బుల్‌డోజరు ఏనుగులా ఘీంకరించి దిబ్బ అంచును తాకింది. తాకి, ఆగింది.

"ఏమైందిరా?" అన్నాడు పెద్దాయన.

నడిపేవాడు దిగి చొక్కా అంచుతో మన్ను దులిపాడు. నల్లటి కుండ మూతి మెరిసింది.

"పొయ్యి పక్క కుండండీ ఇది. నా ఫోనులో దీన్ని పగలగొట్టాను. అక్కడ ఇప్పటికీ పెంకులే ఉన్నాయి. ఇక్కడ ఇంకా బతికుంది."

"బండి పోనివ్వరా!"

"పోనిస్తా. మళ్ళీ మొదలుపెట్టే మీటెక్కడుందో తమరు చూపించండి."

పెద్దాయన మండిపడి అడుగెత్తాడు.

"అయ్యా, కాలు!"

పదిమంది కాదు, పదివేల గొంతులు. దిబ్బ చుట్టూ కుంచెలు పట్టిన జనం. "చూసుకోండి! కింద ఊరుంది!"

ఆయన కిందికి చూశాడు, పుట్టాక మొదటిసారి.

రోడ్డు దిబ్బను చుట్టి పోయింది. పెద్దాయన మాత్రం, ఎత్తిన కాలు ఎక్కడ దించాలో తెలియక, నేటికీ అక్కడే ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. దారినపోయేవాళ్ళు తపస్సనుకుని దణ్ణం పెడుతున్నారు.