ఊఁ కొట్టిన ఓబులమ్మ

అనగనగా, మీ తాతకు తాత ఇంకా ఉయ్యాల్లో ఉన్న కాలాన, ఎర్రనేలల మీద ఒక పల్లె. ఆ పల్లెలో ఓబులమ్మ అని ఒకామె. ఊళ్లో ఆడవాళ్లకు తలా ఒక పేరుంది. ఒకామె పాట ఎత్తుకుంటే దారినపోయేవాళ్లు నిలబడిపోయేవాళ్లు. ఒకామె ముగ్గేస్తే తొక్కడానికి మనసొచ్చేది కాదు. ఇంకొకామె కథ మొదలుపెడితే పొయ్యి మీద సంగటి మాడాల్సిందే. మరి మన ఓబులమ్మకు? ఏమీ లేదు!

"నేను పోతే ఫలానా ఓబులమ్మ అని చెప్పుకోడానికి ఏముంది దేవుడా?" అని ఒకటే దిగులు.

పాట పాడింది. మేకలు తాళ్లు తెంపుకున్నాయి. ముగ్గేసింది. "ఏం మే, పిండి ఒలకబోసుకుంటివా?" అని నవ్వినారు. కథ చెప్పింది. రాకుమారుణ్ణి అడవిలో వదిలేసి సగంలోనే మరిచిపోయింది! ఇక సిగ్గేసి ఊరుకుంది. సాయంత్రాలు అందరూ చింతపండు గింజలు తీస్తూ కథలు చెప్పుకుంటుంటే, ఒక మూల కూర్చుని ఊఁ కొట్టేది. అంతే.

ఆ ఏడు వాగు పొంగి, పక్కింటి కోనమ్మ మొగుణ్ణి ఎత్తుకుపోయింది. కోనమ్మకు మాట పడిపోయింది. తిండి లేదు, నీళ్లు లేవు, ఏడుపూ లేదు. కోనమ్మ ఇక దక్కదనుకున్నారు. వైద్యుడొచ్చి "మాట్లాడమ్మా" అన్నాడు. మాట్లాడలేదు. పూజారొచ్చి "మాట్లాడమ్మా" అన్నాడు. మాట్లాడలేదు. కన్నతల్లి వచ్చి "మాట్లాడు తల్లీ" అని గుండెలు బాదుకుంది. ఊహూఁ.

అప్పుడు ఓబులమ్మ పోయింది. ఏం చెప్పాలో ఆమెకేం తెలుసు, పాపం? చింతపండు ముందేసుకుని పక్కన కూర్చుంది. కూర్చుని కూర్చుని, అలవాటు కొద్దీ "ఊఁ" అనేసింది! వెంటనే నాలిక్కరుచుకుంది.

కోనమ్మ తల తిప్పింది. "నేనేమీ చెప్పలేదు గదక్కా?"

"చెప్పకుంటే ఏం మే. నేను యాడికీ పోను."

కాసేపటికి కోనమ్మ పెదవి కదిలింది. "ఆ పొద్దు సద్దిమూట మరిచిపోయినాడక్కా."

"ఊఁ."

"పిలిచింటే వెనక్కొచ్చేవాడు. కోపంలో పిలవలేదక్కా!"

"ఊఁ."

అంతే, కట్ట తెగినట్టు ఏడ్చింది. ఏడ్చి, చెప్పి, మళ్లీ ఏడ్చి, పొద్దు గూకేసరికి రెండు ముద్దలు తినింది. కోనమ్మ బతికింది.

ఆనాటి నుంచి చూడాలి! "ఓబులమ్మ ఈ పొద్దు మా ఇంటికి!" "కాదు, మా ఇంటికి!" మనసులో బరువున్న వాళ్లంతా ఎగబడినారు. ఓబులమ్మకు సంతోషం పట్టలేదు. ఉన్న ఒక్క మంచి కోక కట్టుకుని బయల్దేరేది. "నాకేమొచ్చని మే పిలుస్తారు?" అనేది. పిలవకుంటే మాత్రం మూతి ముడుచుకునేది!

పండు ముసలిదై ఒకనాడు హాయిగా కన్ను మూసింది. ఊరు ఊరంతా ఏడ్చింది.

ఇప్పటికీ ఆ పక్క ఎవరింట్లో చావొచ్చినా, ఏడవొద్దని ఎవరూ చెప్పరు. ఇరుగుపొరుగులో ఒకరు చింతపండు పట్టుకుపోయి పక్కన కూర్చుంటారు. లోపల్నుంచి ముసలివాళ్లెవరైనా అడుగుతారు, "ఎవరు మే వచ్చింది?" అని.

కూర్చున్నది ఎవరైనా సరే, జవాబు ఒక్కటే.

"ఓబులమ్మ వచ్చింది."